కోయని గుండె

బాషా పోయాడని ప్రొద్దుటూరు నుంచి కబురు వచ్చిన రోజు నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఇది రాయడానికి నేను సంకోచించడం లేదు. అరవై దాటిన మనిషి నిద్రలో పోతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలని మా ఆవిడ అడిగింది. అటక మీది ఇనుపపెట్టె దించి, తాయిఫ్‌లో గడిపిన కాలానికి సంబంధించిన డైరీలు, అర్జీల నకళ్ళు బయటికి తీశాను. ఒక నిర్మాణ కంపెనీ స్టోర్స్‌లో లెక్కలు రాసి బతికినవాణ్ణి. ప్రతి మాటకూ కాగితం ఉండాలనే పట్టుదల నాకు ఉద్యోగం నేర్పిందో, పుట్టుకతో వచ్చిందో చెప్పలేను. బాషా దాన్ని చూసి నవ్వేవాడు. ఆ నవ్విన మనిషికీ అతని కూతురికీ జరిగిన అన్యాయం గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క వాక్యం రాయలేదు. ఇప్పుడు నేను రాస్తున్నాను.

తాయిఫ్ సౌదీలో కొండ మీది ఊరు. జెడ్డా వాళ్ళు ఎండకు ఉడికిపోయే రోజుల్లో కూడా మేము పొద్దున్నే శాలువా కప్పుకొనేవాళ్ళం. గులాబీలు కోసే రోజుల్లో తోటల నుంచి మండీకి పోయే బండ్లు మా వీధి మీదుగానే వెళ్ళేవి. ఆ వాసన మెట్ల మీదికి వచ్చేసరికి మా ఇంటి ఇంగువ పోపూ, కింది అంతస్తులో బాషా ఇంట వేగుతున్న ఉల్లిపాయలూ దానిలో కలిసిపోయేవి. మాది జగిత్యాల వైపు. గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. మా అమ్మ మాతోనే ఉండేది. దుకాణం నుంచి తెచ్చిన కూరగాయలను పసుపునీళ్ళలో కడగనిదే కత్తిపీట ముందుకు తీసేది కాదు. బాషా ఇంటితో ఇచ్చిపుచ్చుకోవడాలకు ఆవిడ ఒక పద్ధతి పెట్టుకొంది. వాళ్ళ దగ్గర పండు తీసుకొనేది, అయితే కోయని పండు మాత్రమే. బాషా భార్య ఆ సంగతి గ్రహించి, తాయిఫ్ దానిమ్మలను కొమ్మ ఆకుతో సహా పంపేది. వండినది ఎన్నడూ పంపలేదు. పంపలేదని ఎన్నడూ నొచ్చుకోలేదు. ఆ మర్యాద కాగితం మీద లేకపోయినా ఇరువైపులా తప్పకుండా నడిచింది. కాగితం మీద ఉన్న నియమాలు నడిచిన తీరు వేరు.

మా అమ్మాయి వసుధా, బాషా కూతురు నస్రీనూ ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో చేరారు. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ వైద్యం మొదలు పెట్టడానికి ముందు ఒక సన్నాహక సంవత్సరం ఉండేది: భౌతికశాస్త్రం, రసాయనం, జీవశాస్త్రం, వైద్య పరిభాష, ఇంగ్లీషు. వీటన్నిటిలో ఒకే ఏడాదిలో ఉత్తీర్ణులైన వారికే వైద్యంలో సీటు. ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ పూర్తి ఫీజుతో. ఇద్దరు పిల్లలూ కలిసి చదివారు. రాత పరీక్షలన్నిటిలో నస్రీన్ మార్కులే ఎక్కువ. వసుధ ఆ మాట తనే చెప్పేది. చివరికి జీవశాస్త్రం ప్రాక్టికల్ ఒక్కటే మిగిలింది. అది అయితే ఇద్దరూ డాక్టరు చదువులోకి వెళ్ళిపోతారు.

ఆ కాలం ఎటువంటిదో తెలియనివారి కోసం చెప్పాలి. నితాకత్ అని ఒక ఏర్పాటు. ఎంతమంది స్వదేశీయులకు ఉద్యోగాలిచ్చిందో చూసి ప్రతి కంపెనీకీ ఒక రంగు వేస్తారు. మా కంపెనీ ఎలాగో ఆకుపచ్చలో నిలబడింది. బాషా ఎయిర్ కండిషనర్ల టెక్నీషియనుగా పని చేసే కంపెనీ ఎరుపులోకి జారింది. ఎరుపులో పడ్డ కంపెనీ మనుషులకు ఇకామా, అంటే నివాస అనుమతి, కొత్తది రాదు. తండ్రి ఇకామా ఆగితే భార్యదీ పిల్లలదీ కూడా ఆగిపోతుంది. దానికి తోడు కుటుంబంలో ప్రతి తలకూ ప్రభుత్వానికి కట్టవలసిన లెవీ వచ్చిపడింది. ఒక కంపెనీ యజమాని చేయని నియామకానికి ప్రొద్దుటూరు అమ్మాయి ఎందుకు శిక్ష అనుభవించాలో నాకు ఆ రోజూ అర్థం కాలేదు, ఈ రోజూ అర్థం కాలేదు. ఎరుపు కంపెనీ మనిషి యజమాని అనుమతి లేకుండానే ఆకుపచ్చ కంపెనీకి మారవచ్చని ఒక వెసులుబాటు ఉండేది. దాన్ని పట్టుకొని నేను బాషా తరఫున అర్జీలు రాశాను. ఖఫ్జీ అనే ఊళ్ళో ఒక కంపెనీ తీసుకొంటానంది. వారి మందూబ్, అంటే ప్రభుత్వ కాగితాలు నడిపే ఉద్యోగి, ఎప్పుడు ఫోను చేసినా ‘బుక్రా’ అనేవాడు. రేపు అని అర్థం. ఆ రేపటి కోసం ఎదురుచూస్తుండగానే బాషా ఇంటిల్లిపాది ఇకామాల గడువు తీరిపోయింది.

గడువు తీరినవాడు వీధిలో తనిఖీకి దొరికితే నేరుగా డిపోర్టేషన్. అందుకని బాషా బజారుకు పోవడం మానేశాడు. ఒక్క పని మాత్రం మానలేదు. ఆడవాళ్ళు బండి నడపకూడని రోజులవి. నాకు డ్రైవింగ్ రాదు. ఇద్దరు పిల్లలనూ పొద్దున కాలేజీ గేటు దగ్గర దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం మొదటి నుంచి అతనే చేసేవాడు. ఎన్నోసార్లు వద్దన్నాను. టాక్సీ పెడదామన్నాను. “టాక్సీవోడు మన పిల్లోళ్ళకు ఏమైతాడన్నా” అని ఆ సంభాషణ అక్కడితో తుంచేశాడు.

ప్రాక్టికల్‌లో గొర్రె గుండెను కోసి, భాగాలు చూపించి, అడిగినదానికి జవాబు చెప్పాలి. కాలేజీకి నమూనాలు తెచ్చిపెట్టే సంస్థ కూడా రంగుల దెబ్బకు మూతపడింది. ఎవరి గుండె వారే తెచ్చుకోవాలని ఈజిప్టు నుంచి వచ్చిన వాళ్ళ మేడం చెప్పేసింది. సాధన అంతా బాషా ఇంట్లోనే జరిగింది. అక్కడ వంటింటి గచ్చు మీద కాగితాలు పరుచుకొని నస్రీన్ కోసేది. మా వసుధ గుమ్మంలో పుస్తకం పట్టుకొని నిలబడి చదివి వినిపించేది. కర్ణికలు, జఠరికలు, కవాటాలు, అన్నీ కంఠతా వచ్చు. చెయ్యి మాత్రం పెట్టలేదు. నస్రీన్ ఎగతాళి చేసేది: “పరీక్షలో మేడం ముందర గూడా నువ్వు సదువు, నేనొచ్చి కోస్తాలే.” వసుధ నవ్వేది. ఇంటికి వచ్చాక చేతులు కడుక్కొంటూ చాలాసేపు పంపు దగ్గరే ఉండిపోయేది. ఏమీ ముట్టుకోని చేతులు.

పరీక్షకు ముందు రోజు బాషాకు తెలిసినతను ఒక్క గుండె తెచ్చివ్వగలిగాడు. అది నస్రీన్‌కు. వసుధకు నేనే తెస్తానన్నాను. అప్పటికే వాళ్ళ మీద మా భారం ఎక్కువైందని నా అభిప్రాయం. వీధి చివర మాంసం దుకాణానికి జీవితంలో మొదటిసారి వెళ్ళాను. కావలసింది చెప్పి వీధి వైపు తిరిగి నిలబడ్డాను. వెనక కత్తి చప్పుడు వినిపించింది. పొట్లం చేతికి వచ్చాక తల తిప్పి డబ్బు ఇచ్చాను. ఇంటి గుమ్మంలో అమ్మ ఎదురుపడింది.

“అది గడప దాటి లోపటికి రావద్దు కొడుకా,” అంది. “పిల్ల సదువుకు నేను అడ్డం పడను. గని ఫ్రిజ్జుల మాత్రం పెట్టకుండ్రి.”

అందువల్ల మెట్ల దగ్గర థర్మాకోల్ డబ్బాలో మంచుగడ్డలు పోసి దానిలో పొట్లాన్ని దించాం. మూత పెట్టాం. ఆ మూత మళ్ళీ ఎవరూ తీయలేదు. వసుధ తీయలేదు, మా ఆవిడ తీయలేదు, నేనూ తీయలేదు. మా ఇంట్లో ఎవరికీ లోపల ఏముందో చూడాలనే ఆలోచనే రాలేదు.

తెల్లవారి బయలుదేరేటప్పుడు ఆ డబ్బా తెరిచినది నస్రీన్. కారులో పెట్టబోయే ముందు మంచు సరిపోతుందో లేదో చూద్దామని మూత తీసి, పొట్లం విప్పింది.

“మామా,” అంది. “దీన్ని కూరకు కోసినాడు.”

చూశాను. పై నాళాలూ కొవ్వూ అన్నీ తీసేసి, గుండెను చీల్చి, శుభ్రంగా కడిగి, ముక్కలు చేసి ఇచ్చాడు. మాంసం కొనే ప్రతి ఇంటికీ అతడు చేసే ఉపకారమే అది. వద్దని చెప్పాలని మాంసం కొనని ఇంటివాడికి ఎలా తెలుస్తుంది? ఆ ముక్కలతో పరీక్ష హాలులోకి వెళ్ళడం, వెళ్ళకపోవడం ఒక్కటే. అంత పొద్దున్నే దుకాణాలు తెరవరు. తెరిచి ఉండేది ఊరి చివర మునిసిపాలిటీ కబేళా ఒక్కటి. తనిఖీ బండ్లు ఎక్కువగా కాపు కాసేదీ అక్కడే; పని దొరుకుతుందని వచ్చే కూలీలంతా అక్కడ చేరతారు కదా. అదే మాట బాషాతో అన్నాను. నేనూ వసుధా టాక్సీలో వెళతాం, నస్రీన్‌ను తీసుకొని నువ్వు నేరుగా కాలేజీకి పొమ్మన్నాను.

“టాక్సీ దొరికేలోపల పరీక్ష అయిపోతాది. ఎక్కండన్నా,” అని అతను బండి స్టార్టు చేశాడు.

కబేళా గోడ మలుపు తిరగకముందే బాషా బండి ఆపాడు. గేటు పక్కన తనిఖీకి వచ్చిన పాస్‌పోర్టు శాఖ వాహనం ఒకటి నిలిచి ఉంది. అతనూ నస్రీనూ కారులో ఉన్నారు. నేనూ వసుధా దిగి నడిచాం. మా ఇకామాలకు గడువుంది, పైగా తండ్రీకూతుళ్ళం కాబట్టి మమ్మల్ని ఎవరూ ఆపలేదు. లోపల ఒక బంగ్లాదేశీ కసాయి దగ్గర అప్పుడే కోసిన గొర్రె ఉంది. గుండె కావాలి, కోయకుండా, పై నాళాలతో సహా కావాలి అని హిందీలో అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. అలా ఎవరూ తీసుకోరన్నాడు. కోయని గుండె అడిగేవాళ్ళు జాదూకు అడుగుతారని, చేతబడి కేసులో ఇరుక్కుంటే తన పని అయిపోతుందని, అసలే తన ఇకామాలో తోటమాలి అని రాసి ఉందని గొంతు తగ్గించి చెప్పాడు. బయట నిలిచిన బండి అతనికీ కనబడుతూనే ఉంది. నా సంచిలో కాలేజీ వారు ఇచ్చిన అరబ్బీ కాగితం ఉంది. తీసి చూపించాను. అతనికి చదవడం రాదు. కాగితానికి విలువ లేని సందర్భాలు నా జీవితంలో చాలా లేవు. అది ఒకటి. అతను తల అడ్డంగా ఊపి, తనకు తెలిసిన పద్ధతిలో గుండెను బల్ల మీద పెట్టి కత్తి ఎత్తాడు.

“చాచా, రుకియే,” అంటూ వసుధ అతణ్ణి ఆపింది.

నా పక్క నుంచి ముందుకు వెళ్ళి, బల్ల మీద ఉన్న దాన్ని రెండు చేతులతో ఎత్తుకొంది. తొడుగులు లేవు. ఒళ్ళంతా కప్పే అబాయా చేతి అంచులు తడిశాయి. ఒక వేలు పెద్ద నాళంలోకి పోనిచ్చి, ఒళ్ళంతటికీ నెత్తురు పోయేది ఈ గొట్టంలోంచేనని, ఇది తెగితే ఇవాళ తాను పరీక్ష తప్పుతానని అతనికి హిందీలో చెప్పింది. గుండెను బల్ల మీదికి దించలేదు. కసాయి కత్తి కింద పెట్టాడు. డాక్టరువవుతావా అని అడిగాడు. అవుతానంది. అతను ఆ గుండెను సంచిలో వేసి, సంచి మూతిని తనే కట్టి, దాన్ని నా చేతికి కాక ఆమె చేతికి ఇచ్చాడు.

కారెక్కాక బాషా అద్దంలో మా ఇద్దరినీ చూసి, “పప్పుకూడు తినేటోళ్ళ బిడ్డ కబేళా తిరిగొచ్చింది. ఇంగ మీయమ్మ మీ ఇద్దరినీ గడప తొక్కనియ్యదు, మా ఇంట్లోనే పడుకోండి,” అన్నాడు. అందరం నవ్వాం. నస్రీన్ ఆ సంచి విప్పి లోపల చూసి, తనదానికంటే వసుధదే బాగుందని మెచ్చుకొంది. దారి పొడుగునా ఏది ముందు పట్టుకోవాలో, ఎక్కడ కత్తి పెట్టాలో చెబుతూనే ఉంది. ఆ కాసేపు నాకు గడువులు, రంగులు, లెవీలు ఏవీ గుర్తులేవు.

గేటు దగ్గర కాపలాదారు వయసు మళ్ళినవాడు. చెడ్డవాడని చెప్పలేను. ఆ ఉదయం అతని చేతిలో ఒక కొత్త యంత్రం ఉంది. విదేశీ విద్యార్థుల ఇకామా నంబరు దానిలో కొట్టి చూసి లోపలికి పంపుతున్నాడు. రాత పరీక్షలప్పుడు అది లేదు. వసుధ నంబరు కొట్టాడు, వెళ్ళమన్నాడు. నస్రీన్ నంబరు కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు. యంత్రాన్ని మా వైపు తిప్పి చూపించాడు. గడువు తీరినది.

నేను ఫైలు తెరిచాను. అర్జీల నకళ్ళు, ఖఫ్జీ కంపెనీ ఒప్పుకోలు ఉత్తరం, కాలేజీ కట్టించుకొన్న ఫీజు రసీదులు వరసగా చూపించాను. నాకు వచ్చిన అరబ్బీలో వాదించాను. అతను లోపలి ఆఫీసుకు ఫోను కలిపి ఇచ్చాడు. ఆడవారి విభాగం కాబట్టి నేను వెళ్ళే వీలు లేదు. అటువైపు ఎవరో మర్యాదగా, ఇకామా సరిచేసుకొని వచ్చే ఏడు మళ్ళీ చేరవచ్చని చెప్పారు. మందూబ్‌కు ఫోను చేశాను. బుక్రా అన్నాడు. బాషా కారు దిగలేదు, దిగకూడదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని మమ్మల్నే చూస్తున్నాడు.

వసుధ గేటు లోపల నిలబడిపోయింది. నువ్వు రాకపోతే నేనూ పోనంది. నస్రీన్ కేకలు వేయలేదు, ఏడవలేదు. గేటు ఊచల మధ్య నుంచి వసుధ భుజం పట్టుకొని వెనక్కి తిప్పింది.

“పోవే. కొన పట్టుకో ముందు. కత్తి తర్వాత,” అంది.

ఇప్పుడు అదే రోడ్డు మీద ఆడపిల్లలు తమ కార్లు తామే నడుపుకొంటూ పోతున్నారని అక్కడ మిగిలిన మిత్రులు చెబుతారు. తండ్రి వచ్చేదాకా గేటు లోపల కూర్చోవలసిన అవసరం లేదట. మంచిదే. లెవీ మాత్రం పోలేదు. మా కాలంలో ఖాళీ అయిన తెలుగు ఇళ్ళు మళ్ళీ నిండనూ లేదు. బాషా కుటుంబం ఆ వేసవిలోనే ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా దేశం వదిలే అనుమతి మీద, వెళ్ళిపోయింది. వసుధ ఇవాళ డాక్టరు. నస్రీన్ ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతుంది. బాగా చెబుతుందని, సంతోషంగా ఉందని అంటారు. సంతోషంగా ఉంది కాబట్టి జరిగినది అన్యాయం కాకుండా పోతుందన్నట్టు మాట్లాడేవారితో నేను ఏకీభవించను. దేన్నీ దేనితోనూ చెల్లు వేయడం నాకు చేతకాదు. లెక్కలు రాసినవాణ్ణి కాబట్టే చేతకాదు.

ఆ ఉదయం మేము ముగ్గురం గేటు ఎదుటి పార్కింగులో, రేకుల నీడలో, కారులోనే ఉండిపోయాం. వసుధ వచ్చేదాకా కదిలే వీలు లేదు. వెనక సీటులో నస్రీన్ తాను తెచ్చుకొన్న గొర్రె గుండె ఉన్న డబ్బాను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఉన్నట్టుండి సీటు మీద వార్తాపత్రిక పరిచింది. తొడుగులు వేసుకొంది.

“మామా, మీకాడ ఆ సిలబస్ కాయితముంది గదా. మేడం అడిగినట్టే అడగండి. నేను జేస్తా.”

నేను ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చున్నాను. వరసగా అడిగాను. ఆమె గుండె కొనను పట్టుకొని, కుడి జఠరిక నుంచి మొదలుపెట్టి, ఎక్కడా తొందరపడకుండా తెరిచింది. కవాటాలను పట్టి ఉంచే దారాలను కత్తి మొనతో ఎత్తి చూపించింది. గోడల మందంలో తేడా ఎందుకో చెప్పింది. మహాధమనికీ, ఊపిరితిత్తులకు పోయే ధమనికీ మధ్య సన్నని తాడు ఒకటి ఉంది. నేను కాగితంలో ఉన్న ఇంగ్లీషు పేరు తడుముకొంటూ చదివి అదేమిటని అడిగాను.

“కడుపులో బిడ్డకు ఊపిరి ఉండదు గదా మామా, అప్పుడు నెత్తురు ఈ దోవన పోతాది. పుట్టినాక అవసరం ల్యాక మూసకపోయి ఇట్లా తాడైతాది.”

ప్రతి అంశానికీ టిక్కు పెట్టాను. చివర మార్కులు వేయబోతుంటే బాషా అంతసేపటికి నోరు విప్పాడు. అతను వెనక్కి తిరగలేదు.

“తప్పు జెప్పింటే కొట్టెయ్యండన్నా. మా అమ్మిని జూసి ఎయ్యొద్దు.”

తప్పు లేదన్నాను. పూర్తి మార్కులు వేసి, అడుగున పరీక్షకుడిగా సంతకం చేసి, తేదీ రాశాను. సాక్షిగా బాషా చేత కూడా చేయించాను. అతను అక్షరం అక్షరం కూడబలుక్కొని రాస్తూ ఎగతాళి చేయలేదు. నా కాగితాన్ని చూసి అతను నవ్వని సందర్భం అదొక్కటే.

వసుధ బయటికి వచ్చేసరికి నస్రీన్ అంతా సర్ది, చేతులు తుడుచుకొని కూర్చుంది. వసుధ ఆమె పక్కన కూర్చొని కాసేపు ఆమె వైపు చూడలేకపోయింది. ఎలా అయిందని నస్రీనే అడిగింది.

“మంచిగనే అయింది. ఒక్కటే చెప్పలే,” అంది వసుధ. “ఆ రెండు గొట్టాల నడుమ సన్నగ తాడు లెక్క ఉంటది సూడు. అదేందని అడిగింది మేడం. నాకు యాదికి రాలే.”

నస్రీన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. బాషా తాళం తిప్పబోయి ఆగాడు. నా వైపు తిరిగాడు.

“అది మా అమ్మి జెప్పింది గదన్నా?”

అతను ఊరికే అడగలేదు. కాగితం చూసి చెప్పాలని అడిగాడు. సంచిలోంచి కాగితం తీశాను. వేలు పెట్టి వరస వెంట చూశాను.

“చెప్పింది,” అన్నాను.

బాషా తల ఊపి బండి స్టార్టు చేశాడు.